లే అవుట్ కింద ఏముందో ముందే తెలుసుకోవచ్చా? పురావస్తు అంచనా మ్యాపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో కొందరు మిత్రులతో కలిసి పొలాలు, గుట్టలు నడిచి పాతకాలం ఆనవాళ్లు చూస్తూ, వాటిని మ్యాపులకి ఎక్కించే పనిలో చాలా కాలంగా ఉన్నాను. ప్లానింగ్ చదివే పిల్లలు, సర్వేయర్లు, ప్లాట్లు కొనేవాళ్లు, రైతులు ఎవరు కలిసినా దాదాపు అవే సందేహాలు అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## అసలు ఇదేంటి అనేవాళ్లకి

తవ్వకుండా భూమిలో ఏముందో ఎలా చెప్తారు? ఇది జాతకం లాంటిదా?

కాదు. పాతకాలం మనుషులు ఎక్కడ పడితే అక్కడ ఉండలేదు. నీళ్లు దగ్గరుండాలి కానీ వరదకి ఇల్లు మునగకూడదు, పశువులకి మేత ఉండాలి, చచ్చినవాళ్లని పెట్టడానికి సాగుకి పనికిరాని గట్టి నేల, పక్కనే బండరాయి దొరికే గుట్ట ఉండాలి. ఇప్పటికే తెలిసిన పురావస్తు స్థలాలు (ఇక్కడ స్థలం అంటే పాతకాలం మనుషుల ఆనవాళ్లున్న చోటు) కొన్ని తీసుకుని ఒక్కోదానికీ వాగు ఎంత దూరం, నేల వాలు ఎంత, ఏ రకం మట్టి, గుట్ట ఎంత దగ్గర అని కొలుచుకుంటూ పోతే వాటి మధ్య పోలికలు బయటపడతాయి. అవే పోలికలు ఉండి ఇంకా ఎవరూ నడిచి చూడని జాగాలని మ్యాప్ మీద రంగులతో చూపిస్తాం, ఎక్కువ అవకాశం ఉంటే ఎరుపు, తక్కువైతే తెలుపు. ఎరుపు రంగు పడిందంటే అక్కడ స్థలం ఉందని కాదు, జేసీబీ దించే ముందు ఒకసారి నడిచి చూడమని.

దీనికీ నగర ప్రణాళికకీ ఏం సంబంధం? దొరికినప్పుడు చూసుకోవచ్చు కదా?

దొరికినప్పుడు చూసుకుందాం అనుకుంటే ఏమవుతుందో అమరావతి స్తూపం కథే చెప్తుంది. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బని తవ్వారు. ఆ దిన్నె కింద ఉన్నదే మహాస్తూపం. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడిమధ్యలో చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. పట్నం కట్టడం తప్పని నేను అనను, ఆ దిన్నెని వదిలేసి పక్కన కట్టుకోవడానికి కావలసినంత నేల ఉంది. అక్కడ ఏముందో ముందు తెలియకపోవడమే అసలు నష్టం.

నాగార్జునకొండ సంగతి వేరు. 1926లోనే ఆ లోయ గురించి తెలుసు కాబట్టి, డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా పరుగుల మీద తవ్వకాలు చేశారు. వందకి పైగా స్థలాలు బయటపడ్డాయి, కొన్నిటిని కొండ మీదికీ అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు, మిగతావి సాగర్ నీళ్ల కింద ఉన్నాయి. ముందే తెలిసి ఉంటే ఎంత దక్కుతుందో, ఆ తెలియడం ప్రాజెక్టు ఖాయమయ్యాక కాకుండా ఇంకా ముందే పనికొస్తే ఇంకెంత దక్కేదో ఈ రెండు ఊళ్లూ కలిపి చెప్తున్నాయి.

మన దగ్గర ఉన్నవి గుళ్లూ కోటలే కదా, అవి కళ్లకి కనిపిస్తూనే ఉన్నాయి కదా?

కనిపించేవాటితో ఈ మ్యాపులకి పెద్ద పని లేదు, కనిపించనివాటి కోసమే ఈ శ్రమంతా. తెలంగాణలో ఊరూరా రాకాసి గుళ్లు అనో పాండవుల గుళ్లు అనో పిలిచే బృహత్ శిలాయుగం (సుమారు మూడు వేల ఏళ్ల కిందట, పెద్ద బండరాళ్లతో సమాధులు కట్టిన కాలం) సమాధులు ఉన్నాయి. పైకి గుండ్రంగా పేర్చిన బండరాళ్లు కనిపిస్తాయి, లోపల గ్రానైట్ పలకలతో చేసిన పెట్టె, అందులో ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు ఉంటాయి. సికింద్రాబాద్ హస్మత్‌పేట, మౌలాలి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణం, ఇవన్నీ ఇలాంటి సమాధులు దొరికిన జాగాలే. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకి కూడా ఎక్కాయి.

ఇవి కాక పాటిగడ్డలు (పాత ఊళ్లు ఉండిన దిబ్బలు), ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి) కుప్పలు, బూడిదగుట్టలు (పశువుల పేడ కాలిన బూడిద పేరుకున్న దిబ్బలు) ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదగుట్టని 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు బూడిద పొరల మీద పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. నాలుగు వేల ఏళ్ల నాటి ఆవు అడుగు అది. అలాంటి గుట్టని బయటినుంచి చూస్తే మామూలు మట్టిదిబ్బ అనిపిస్తుంది, ట్రాక్టర్లతో తోలేయడానికి నాలుగు రోజులు చాలు.

బయటి దేశాల్లో నిజంగా ఇలాంటి మ్యాపులు వాడుతున్నారా, లేక పరిశోధన పేపర్లలోనేనా?

వాడుతున్నారు. నెదర్లాండ్స్ 1997లోనే దేశం మొత్తానికీ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు రంగుల మ్యాప్ వేసింది. 2007 చట్టం తర్వాత అక్కడి మున్సిపాలిటీలే తమ భూవినియోగ ప్రణాళికలో ఈ విషయం చూసుకోవాలి. అమెరికాలో మిన్నెసోటా రోడ్ల శాఖ 1990ల్లో రోడ్లు ఎటు వేయాలో తేల్చుకోవడానికి రాష్ట్రమంతటికీ మోడల్ చేయించుకుంది. కెనడాలో టొరంటో నగరానికి పురావస్తు అవకాశ మ్యాప్ ఉంది, దాని పరిధిలోకి వచ్చే జాగాలో నిర్మాణానికి దరఖాస్తు పెడితే ముందు అంచనా నివేదిక అడుగుతారు. టొరంటో, బ్రాంప్టన్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లు తమ సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) కట్టకముందు ఇలాంటి సర్వే జరిగిందేమో వెతికి చూడొచ్చు.

లండన్‌ది ఇంకో పద్ధతి. 1989లో అక్కడ ఒక ఆఫీసు భవనం పునాదుల్లో షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ బయటపడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడాదే, అనుమతి ఇచ్చేముందే పురావస్తు సంగతి తేల్చుకోవాలని ఇంగ్లాండ్ ప్రభుత్వం ప్లానింగ్ మార్గదర్శకం తెచ్చింది. ఇప్పుడు లండన్ బరోల్లో (నగరంలోని పాలనా విభాగాల్లో) పురావస్తు ప్రాధాన్య ప్రాంతాలు నాలుగు అంచెలుగా గుర్తించి ఉన్నాయి. అవి ముఖ్యంగా అనుభవం ఉన్నవాళ్లు రికార్డులు ముందేసుకుని గీసిన గీతలు.

## మ్యాప్ తయారు చేసేటప్పుడు

ఏ డేటా కావాలి? డబ్బులు పెట్టాలా?

చాలావరకు ఉచితమే. నేల ఎత్తుపల్లాలకి 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం డేటా, లేదా మన ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో దొరికే కార్టోడెమ్ సరిపోతాయి. వాలు, ఎటు మొగ్గు, వాగుల దారి అన్నీ దాని నుంచే లెక్కగట్టొచ్చు. రాయి రకానికి జియాలజికల్ సర్వే వాళ్ల భూకోశ్ వెబ్‌సైట్, ఊళ్లకి, గుట్టల పేర్లకి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, ఊళ్ల పేర్లు చూపే వివరమైన మ్యాపులు) ఉన్నాయి. పని చేయడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ చాలు, లైసెన్స్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం దయచేసి వదలకండి, కరోనా ఉపగ్రహ ఫొటోలు. అమెరికా 1960 నుంచి 1972 దాకా గూఢచర్యం కోసం తీసి 1995లో బయటపెట్టిన ఫొటోలివి. హైదరాబాద్ ఇంకా చిన్న నగరంగా ఉన్నప్పటి నేల వీటిలో ఉంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నచోట అప్పుడు ఏ దిబ్బ ఉంది, ఏ వాగు ఎటు పారింది అన్నది ఇంతకన్నా బాగా చూపించేది నాకు ఇంకోటి దొరకలేదు.

చెరువు దగ్గర ఉంటే అవకాశం ఎక్కువ కదా, చెరువు దూరం పెడితే సరిపోదా?

మన దగ్గర కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లు చేసే అతి పెద్ద తప్పు ఇదే, నేనూ చేశాను. మన చెరువుల్లో చాలా భాగం మనుషులు కట్టలు వేసి నిలిపినవి. పాకాల, రామప్ప కాకతీయుల కాలం నాటివి, హుస్సేన్ సాగర్ 16వ శతాబ్దానిది, గండిపేట 1920లో పూర్తయింది. మూడు వేల ఏళ్ల కిందటి మనిషికి గండిపేట చెరువు లేదు, మూసీ మాత్రమే ఉంది. చెరువు దూరంతో లెక్కేస్తే బృహత్ శిలాయుగం మ్యాప్ తప్పుదారి పట్టిపోతుంది, కాకతీయ కాలం ఊళ్ల మ్యాప్‌కి మాత్రం అదే డేటా బాగా పనికొస్తుంది. పాత కాలానికి వాగులూ ఒర్రెల దూరం తీసుకోండి, అదీ ఇప్పుడు కాలువగా మార్చిన దారి కాదు, ఎత్తుపల్లాలని బట్టి నీళ్లు సహజంగా పారే దారి.

కెనడాలో ఒంటారియో నిబంధనల ప్రకారం నీటికి 300 మీటర్ల లోపు ఉంటే అవకాశం ఉన్న నేల కింద లెక్క, అక్కడ కూడా ఇప్పటి నీళ్లతో పాటు పూర్వం పారి ఎండిపోయిన నీళ్లని కూడా చూస్తారు. ఆ 300 అంకెని తెచ్చి మన నేల మీద పెట్టకండి. మన గ్రానైట్ నేలలో వాగు స్వభావం వేరు, ఇక్కడి స్థలాలని కొలిచి ఇక్కడి దూరం మనమే తేల్చుకోవాలి.

ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే పేర్లు, కథలు డేటా అవుతాయా?

అవుతాయి. ఉపగ్రహం చూపించనిది చాలాసార్లు పేరు చెప్తుంది. పాటిగడ్డ, దిన్నె, దిబ్బ, కోటగడ్డ, బొమ్మలగుట్ట, రాకాసి గుండ్లు, ఇలాంటి పేర్లని టోపోషీట్ నుంచీ పాత పహాణీల నుంచీ ఊళ్లోవాళ్ల నోటి నుంచీ ఏరుకుని ఒక లేయర్‌గా పెట్టుకోండి. ఒకసారి శివారు ఊళ్లో ఒక పెద్దాయన నన్ను తన చేను గట్టు మీదికి తీసుకెళ్లి, "ఇది పాటి బిడ్డా, ఇక్కడ ఎరువెయ్యకున్నా జొన్న ఏపుగ వస్తది, మా తాతలు ఈ మన్నే బండ్ల మీద తోలుకపోయి తక్కిన చెలకలల్ల పోసుకున్నరు" అన్నాడు. వంగి చూస్తే నేల బూడిద రంగులో మెత్తగా ఉంది, చేతి వేలంత కుండపెంకులు అడుగడుక్కీ కనిపించాయి, ఒక పెంకు లోపల నల్లగా, బయట ఎర్రగా, గోటితో గీకినా గీత పడనంత గట్టిగా ఉంది. ఆ చేను గురించి నా మ్యాప్‌లో ఏ రంగూ లేదు. పాటిమన్ను అంటే వందల ఏళ్లు మనుషులు, పశువులు బతికిన బూడిద, పేడ, చెత్త కలిసిన మన్ను, అందుకే పంట బాగా వస్తుంది. రైతుకి ఈ సంగతి ముందే తెలుసు, మనం అడగాలంతే.

ఏ అల్గారిథం వాడాలి? ఏఐకి ఇస్తే అయిపోదా?

లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో మొదలుపెట్టండి, ఏ కారణం ఎంత బరువు లాగుతోందో అది కళ్లకి కట్టినట్టు చూపిస్తుంది, ప్లానింగ్ ఆఫీసులో ఎవరైనా ఎందుకిలా అని అడిగితే చెప్పగలం. స్థలం ఉన్న చోట్లు తెలిసి, లేవని గట్టిగా చెప్పగలిగే చోట్లు తెలియనప్పుడు మాక్స్‌ఎంట్ అనే పద్ధతి పనికొస్తుంది, అది మొదట జంతువులు, మొక్కలు ఎక్కడెక్కడ ఉంటాయో అంచనా వేయడానికి చేసింది. రాండమ్ ఫారెస్ట్ లాంటి మెషీన్ లెర్నింగ్ పద్ధతులు అంకెల్లో ఇంకొంచెం మెరుగ్గా రావచ్చు. కానీ నా అనుభవంలో అల్గారిథం మార్చితే వచ్చే తేడా కన్నా, ఇంకో ముప్పై స్థలాలు నడిచి రాసుకొస్తే వచ్చే తేడా చాలా పెద్దది.

మాకు తెలిసిన స్థలాలు నలభై కూడా లేవు, సరిపోతాయా?

లెక్కల మోడల్‌కి కష్టమే. అలాంటప్పుడు నిజాయితీగా చేయగలిగింది, అనుభవం ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని "వాగుకి దగ్గర, గుట్ట పాదం, ఎర్రనేల" లాంటి షరతులకి మార్కులు వేసి, అవన్నీ కలిపి మ్యాప్ చేయడం. ఆ మార్కులు ఎందుకు వేశారో ఒక్కోదాని పక్కన రాసి పెట్టండి, రేపు కొత్త స్థలాలు దొరికితే మార్చుకోవడానికి వీలుంటుంది.

మా దగ్గరున్న స్థలాలన్నీ రోడ్ల పక్కనే ఉన్నాయి. మ్యాప్ కూడా రోడ్ల వెంటే ఎర్రగా వస్తోంది. ఎందుకు?

పాతకాలం మనిషి మీ రోడ్డు పక్కన ఉండలేదు, స్థలాన్ని చూసి రాసినాయన రోడ్డు మీద వెళ్లాడు. మోడల్ మనిషి అలవాట్లకి బదులు పరిశోధకుడి అలవాట్లు నేర్చుకుంది. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, స్థలం లేనిచోట్లకి నమూనాలు తీసుకునేటప్పుడు అవి కూడా రోడ్డు పక్కనుంచే తీసుకోవడం, అప్పుడు రోడ్డు ప్రభావం రెండువైపులా సమానమవుతుంది. రెండోది కష్టమైనా అసలైనది, మండలాన్ని గళ్లుగా కోసి చీటీ వేసి కొన్ని గళ్లు ఎంచుకుని, అక్కడ ఏమీ ఉండదని అనిపించినా సరే పూర్తిగా నడవడం. ఏమీ దొరకలేదని రాసుకొచ్చిన గడి కూడా స్థలం దొరికిన గడి అంత విలువైనదే.

అన్ని కాలాలకీ ఒకటే మ్యాప్ చాలదా?

చాలదు. సమాధులు ఉన్న నేల వేరు, ఆ మనుషులే బతికిన ఊరి నేల వేరు. సమాధులు ఎక్కువగా సాగుకి పనికిరాని గట్టునేలల్లో, బండల పక్కన కనిపిస్తాయి. ఊళ్లు పంటనేలకి, నీటికి దగ్గరగా ఉంటాయి. శాతవాహనుల కాలం నాటి కోటిలింగాల గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉంది, ధూళికట్ట ఇంకో వాగు ఒడ్డున ఉంది, వాళ్లకి వ్యాపార దారులు ముఖ్యం. అన్నీ కలిపి ఒకే మోడల్‌కి ఇస్తే ఎవరికీ సరిపోని సగటు మనిషి వస్తాడు. విడివిడిగా చేసి, చివర్లో ఒక్కో చోటికి అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన మార్కుని తీసుకుని ప్లానర్‌కి ఒకే మ్యాప్ ఇవ్వండి.

## మ్యాప్ నిజమేనా అని చూసుకునేటప్పుడు

మ్యాప్ బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

తెలిసిన స్థలాల్లో నాలుగోవంతు పక్కన పెట్టి, మిగతావాటితో మోడల్ చేసి, పక్కన పెట్టినవి ఎరుపులో పడ్డాయా అని చూస్తారు. దీనికి పురావస్తు శాస్త్రవేత్త కెన్నెత్ క్వామ్ 1988లో ఇచ్చిన తేలికైన లెక్క ఒకటుంది. ఎరుపు నేల శాతాన్ని ఆ ఎరుపులో పడిన స్థలాల శాతంతో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేయాలి. మిన్నెసోటా వాళ్లు పెట్టుకున్న లక్ష్యం, 33 శాతం నేలలో 85 శాతం స్థలాలు దొరకాలని. 33ని 85తో భాగిస్తే సుమారు 0.39, 1 నుంచి తీసేస్తే 0.61. సున్నాకి దగ్గరగా వస్తే మీ మ్యాప్ కళ్లు మూసుకుని వేలు పెట్టినదానితో సమానం, 1కి దగ్గరైన కొద్దీ మంచిది. ఊరంతా ఎరుపు రంగు వేస్తే అన్ని స్థలాలూ అందులోనే ఉంటాయి, కానీ ప్లానర్‌కి అలాంటి మ్యాప్‌తో ఏ పనీ జరగదు, ఈ లెక్క ఆ మోసాన్ని పట్టేస్తుంది.

ఫీల్డ్‌కి వెళ్లి ఏం చూడాలి?

మ్యాప్ నేల పరిస్థితిని చెప్తుంది తప్ప వస్తువుని చూపించదు. ఒక రాతివలయం అడ్డం చాలాసార్లు పది మీటర్లు కూడా ఉండదు, ఎస్‌ఆర్‌టీఎంలో ఒక్క చుక్కే 30 మీటర్లు. కాబట్టి నడవాల్సిందే. దున్నిన చేను, ఒక వాన పడిన తర్వాత, పొద్దున ఏటవాలు ఎండలో వెళ్లండి, పెంకులు కడిగినట్టు పైకి తేలి ఉంటాయి. ఒంటారియోలో దున్నిన నేల మీద మనిషికీ మనిషికీ మధ్య ఐదు మీటర్ల దూరంలో వరుసలుగా నడుస్తారు, అదే పద్ధతి ఇక్కడా బాగా పనిచేస్తుంది. కుండపెంకులు, నల్లగా బరువుగా బుడగలు పోయిన చిట్టెం రాళ్లు, నేల రంగు మారిన చోటు, బండరాళ్లు వంపుగా వరసలో ఉండటం, చేను మధ్యలో రైతు దున్నకుండా వదిలేసిన రాళ్లకుప్ప, వీటిని వెతకండి. పెంకులు ఏరి సంచిలో వేసుకోకండి. ఫొటో తీసి, జీపీఎస్ రాసుకుని, ఎక్కడివక్కడ వదిలేయండి. రైతుని అడక్కుండా చేలో దిగొద్దు.

తక్కువ అవకాశం అని వచ్చినచోట ఇక చూడక్కర్లేదా?

నాకు అన్నిటికన్నా భయం కలిగించే ప్రశ్న ఇది. తక్కువ అంటే లేదని కాదు. నెదర్లాండ్స్ మ్యాపుల మీద అక్కడి పురావస్తు శాస్త్రవేత్తలే గట్టిగా చెప్పిన విమర్శ కూడా ఇదే. ఎరుపులో మాత్రమే వెతుకుతూ పోతే కొత్త స్థలాలన్నీ ఎరుపులోనే దొరుకుతాయి, మోడల్ తన మాట నిజమైందని మళ్లీ అదే నేర్చుకుంటుంది, తెల్లగా వదిలేసిన నేలలో ఉన్నది ఎప్పటికీ బయటపడకుండానే కాంక్రీటు కిందికి పోతుంది. అందుకే ఎరుపులో పది గళ్లు చూస్తే తెలుపులో రెండైనా తప్పనిసరిగా నడవాలని నేను పట్టుబడతాను. తెలుపులో దొరికిన ఒక్క స్థలం, ఎరుపులో దొరికిన పదింటి కన్నా మీ మోడల్‌కి ఎక్కువ నేర్పిస్తుంది.

ఇప్పటికే ఇళ్లు కట్టేసిన బస్తీల్లో మ్యాప్ వేసి లాభమేంటి?

అక్కడ ప్రశ్న మారుతుంది. ఉండే అవకాశం ఎంత అనేదానితో పాటు మిగిలి ఉండే అవకాశం ఎంత అని కూడా లెక్కేయాలి. రెండు సెల్లార్లు తవ్వినచోట ఏదీ మిగలదు. పాత పెంకుటిల్లు, పార్కు, స్కూలు గ్రౌండు, శ్మశానం, మసీదు ఆవరణ, గుడి మాన్యం కింద మిగిలి ఉండొచ్చు. పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టే రోజే అక్కడ చూసుకోవడానికి చివరి అవకాశం, ఆ దరఖాస్తు పట్టుకోగలిగితే చాలు.

## ప్రణాళికలో వాడేటప్పుడు

మాస్టర్ ప్లాన్‌లో దీన్ని ఎక్కడ పెట్టాలి?

జోన్లు గీయకముందే పెట్టాలి. హెచ్ఎండీఏ అయినా సీఆర్‌డీఏ అయినా జిల్లా కేంద్రం పట్టణాభివృద్ధి సంస్థ అయినా, చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు), అటవీ భూమి, విమానాశ్రయం ఎత్తు పరిమితి వీటన్నిటితో పాటు ఇది కూడా మొదటి రోజే టేబుల్ మీద ఉండాల్సిన లేయర్. ఎరుపు నేలలో కొత్త రోడ్ల దారి కొంచెం పక్కకి జరపడం కాగితం మీద ఉన్నప్పుడు చాలా తేలిక, భూసేకరణ అయ్యాక ఎవరి వల్లా కాదు. ఆ తర్వాతి మెట్టు లే అవుట్ అనుమతి. ఎరుపులో పడితే, ఫైలు ముందుకి కదలకముందే ఒక నడక సర్వే నివేదిక జత చేయాలని నియమం పెడితే చాలు, ఒక మామూలు వెంచర్‌కి అది రెండు మూడు రోజుల పని.

దీనివల్ల అభివృద్ధి ఆగిపోదా? రియల్ ఎస్టేట్ వాళ్లు ఒప్పుకుంటారా?

పని మధ్యలో ఏదో బయటపడి, పేపర్‌లో వచ్చి, పని ఆపేసి నెలల తరబడి ఎదురుచూడటం కన్నా ముందే తెలిస్తే బిల్డర్‌కే మేలు. లే అవుట్‌లో ఎలాగూ పార్కుకి ఖాళీ జాగా వదలాలి కదా, ఆ జాగాని ఏదో మూలకి నెట్టకుండా రాతివలయాలు ఉన్నచోటే వదిలితే ఒక్క ప్లాటు కూడా తగ్గదు. నేను చూసిన ఒక వెంచర్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. వలయం రాళ్లని జేసీబీతో పెకలించి, సున్నం పూసి, ప్లాట్ల మూలలకి హద్దురాళ్లుగా పాతారు. తెల్లగా మెరుస్తున్న ఆ రాళ్ల పక్కన నిలబడి మూడు వేల ఏళ్లు కదలని రాయి ఇదని అక్కడి సూపర్‌వైజర్‌కి చెప్తే, పాపం అతను నిజంగా బాధపడ్డాడు, ముందు ఎవరూ చెప్పలేదన్నాడు. అతను చెప్పింది నిజమే, చెప్పడానికి ఎవరి దగ్గరా మ్యాప్ లేదు.

సర్వే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

యూరప్‌లో పురావస్తు సంపద రక్షణ కోసం 1992లో కుదిరిన వల్లెట్టా ఒప్పందం తర్వాత, నేలని కదిలించేవాడే ఖర్చు భరించాలన్న పద్ధతి చాలా దేశాల్లో స్థిరపడింది. నెదర్లాండ్స్ చట్టంలో చిన్నవాళ్లకి ఇబ్బంది లేకుండా 100 చదరపు మీటర్ల లోపు పనులకి మామూలుగా మినహాయింపు ఉంది. మన దగ్గర కూడా సొంత ఇల్లు కట్టుకునేవాళ్ల మీద భారం వేయకూడదు, మ్యాప్ ఖర్చు ప్రభుత్వానిది, నడక సర్వే ఖర్చు పెద్ద వెంచర్‌ది, నా అభిప్రాయం ఇది.

మన చట్టంలో దీనికి చోటుందా?

కేంద్ర రక్షిత కట్టడాలకైతే 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. తెలంగాణకి 2017 హెరిటేజ్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌కి 1960 చట్టం ఉన్నాయి. ఇవి ముఖ్యంగా గుర్తించి, నోటిఫై చేసినవాటి చుట్టూనే తిరుగుతాయి, ఇంకా ఎవరూ గుర్తించనిదాన్ని ముందుగా వెతకడం వీటి పని కాదు. ఒక చిన్న తలుపు మాత్రం ఉంది. 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణాల పర్యావరణ అనుమతి కోసం 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌తో వచ్చిన ఫారం 1ఏలో, దగ్గరలో పురావస్తు స్థలాలు గానీ వస్తువులు గానీ ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. చేతిలో మ్యాప్ లేకపోతే "లేవు" అని రాయడం ఎవరికైనా తేలిక. మ్యాప్ ఉంటే ఆ ఒక్క పదం రాసేముందు ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సి వస్తుంది.

మ్యాప్ మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చు కదా, అందరికీ తెలుస్తుంది?

గళ్ల మ్యాప్ పెట్టండి, కచ్చితమైన పాయింట్లు పెట్టకండి. గుప్తనిధుల కోసం రాత్రిపూట పూజలు చేసి తవ్వేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. రాకాసి గుళ్లలో బంగారం ఉంటుందని నమ్మి పెకలించిన సమాధులు నేను స్వయంగా చూశాను, మధ్యలో గొయ్యి, చుట్టూ పగిలిన కుండలు, పక్కన నిమ్మకాయలు. వాటిలో ఉండేది ఎక్కువగా ఎముకలు, ఇనుము, మట్టికుండలే. పెద్ద గళ్లలో రంగులు అందరికీ, పాయింట్ల లిస్టు పురావస్తు శాఖకీ ప్లానింగ్ ఆఫీసుకీ మాత్రమే, ఇది నేను పాటించే పద్ధతి.

## భూమి ఉన్నవాళ్లు, కొనేవాళ్లు అడిగేవి

నా పొలం ఎరుపులో పడింది. ప్రభుత్వం లాక్కుంటుందా?

లేదు. అంచనా మ్యాప్‌లో రంగు పడటానికీ రక్షిత స్థలంగా ప్రకటించడానికీ చాలా దూరం ఉంది. కేంద్ర చట్టం ప్రకారం రక్షితంగా ప్రకటించాలన్నా ముందు నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి రెండు నెలలు గడువు ఇవ్వాలి. మీరు మామూలుగా సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. లోతు దున్నడం, మట్టి కోసం తవ్వించడం, రాళ్లు అమ్మేయడం మాత్రం ఒకసారి చూపించుకున్నాకే చేయండి.

ప్లాట్ కొనబోతున్నాను. నేను ఏం చూసుకోవాలి?

టోపోషీట్‌లో ఆ సర్వే నంబర్ దగ్గర గుట్ట, దిబ్బ పేర్లు ఏమైనా ఉన్నాయా చూడండి, ఊళ్లో వయసు మళ్లినవాళ్లని ఆ జాగాని పూర్వం ఏమనేవాళ్లో అడగండి, కేంద్ర రక్షిత కట్టడం ఏదైనా 300 మీటర్ల లోపు ఉందేమో తెలుసుకోండి. ఈ మూడోది మీ డబ్బుకి నేరుగా సంబంధించింది, తర్వాత ఇంటికి అనుమతి ఆగేది దీనివల్లే.

పునాది తవ్వుతుంటే కుండలు బయటపడ్డాయి. ఇప్పుడేం చేయాలి?

టెన్షన్ పడకండి, ఆ గొయ్యిలో పని ఆపండి, మిగతా జాగాలో పని ఎంత దూరంలో కొనసాగించొచ్చో అధికారి వచ్చాక అడగండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం (నేలలో దొరికిన నిధుల చట్టం) ఇంకా అమల్లో ఉంది, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు నేలలో దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. పురావస్తు శాఖకి కూడా ఒక కాపీ ఇవ్వండి. తెలిపినవాళ్ల హక్కు గురించి కూడా అదే చట్టంలో రాసి ఉంది, దాచిపెడితేనే కేసు.

ఫొటోలు తీయండి, పక్కన ఒక పెన్నో స్కేలో పెట్టి, గొయ్యి గోడ కూడా కనిపించేలా తీయండి, ఎంత లోతులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. కుండ సగం మట్టిలో ఉంటే లాగొద్దు, తడి గోనెసంచి కప్పి నీడ పట్టండి. ముఖ్యంగా లోపలి మట్టిని పారబోయకండి, కుండని కడగకండి, ఆ మట్టిలో మాడిన జొన్నగింజ ఒక్కటి ఉన్నా ఆ ఇంట్లో ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో ల్యాబ్‌లో తేల్చగలరు.